కువైట్ ఎండలో ఒక జీ ప్రోటీన్ ఆత్మకథ

ఈ ఆత్మకథ జీఎస్ అనే జీ ప్రోటీన్‌ది. కువైట్ సిటీలోని షర్ఖ్ ప్రాంతంలో భవన నిర్మాణ పనిచేసే ఒక రాజంపేట మనిషి మూత్రపిండంలో, నెఫ్రాన్ చివర ఉండే సంగ్రహణ నాళపు గోడలో, ఒక కణం దీని నివాసం. పాఠ్యగ్రంథాల మర్యాద పాటించి ఈ ప్రోటీన్ తన గురించి కూడా ప్రథమ పురుషలోనే చెప్పుకుంటుంది.

జీఎస్‌కు ఆల్ఫా, బీటా, గామా అని మూడు భాగాలు. ఆల్ఫాను తయారుచేసే జన్యువు 20వ క్రోమోజోమ్ మీద ఉంది. పొడవైన రూపంలో ఆల్ఫాకు 394 అమైనో ఆమ్లాలుంటాయి. బీటా, గామా ఎప్పుడూ జంటగానే తిరుగుతాయి. కొవ్వు గొలుసులు అతుక్కుని ఉండటం వల్ల ఈ మూడు భాగాలూ కణత్వచం లోపలి ముఖాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. పని లేనప్పుడు ఆల్ఫా జీడీపీ అనే చిన్న అణువును పట్టుకుని కూర్చుంటుంది. ఆ స్థితిలో అది ఎవరికీ ఏ కబురూ చెప్పదు.

జీఎస్‌కు కబురు అందించేది వీ2 గ్రాహకం. 371 అమైనో ఆమ్లాల ఈ గొలుసు కణత్వచాన్ని ఏడుసార్లు దాటుతుంది. దాని ఒక కొస కణం బయట, మరో కొస లోపల. ఇలా ఏడుసార్లు పొరను దాటి జీ ప్రోటీన్లతో పనిచేసే గ్రాహకాలకు మనిషిలో దాదాపు 800 జన్యువులున్నాయి. అనుమతి పొందిన మందుల్లో సుమారు మూడోవంతు ఈ కుటుంబం మీదే పనిచేస్తాయి.

కువైట్ వేసవి ఈ ప్రోటీన్‌కు తీరిక ఇవ్వదు. ఆ దేశంలోని మిత్రిబాలో 2016 జూలై 21న నమోదైన ఉష్ణోగ్రతను ప్రపంచ వాతావరణ సంస్థ 53.9 డిగ్రీలుగా ధ్రువీకరించింది. జూన్ మొదలు ఆగస్టు చివరి వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు ఆరుబయట పని నిషిద్ధం. అయినా తెల్లవారుజామున పనిలోకి దిగిన మనిషికి తొమ్మిదింటికే చొక్కా తడిసిపోతుంది. చెమట గ్రంథుల్లో నరాల కబురును మోసేది జీక్యూ అనే మరో జీ ప్రోటీన్. అది జీఎస్‌కు దాయాది. ఒకటి నీటిని బయటికి పంపే పనిలో ఉంటే, రెండోది ఉన్న నీటిని కాపాడే పనిలో ఉంటుంది.

చెమటతో నీరు పోయేకొద్దీ రక్తం చిక్కబడుతుంది. రక్తంలో లవణాల గాఢత ఒకటి రెండు శాతం పెరిగినా మెదడులోని హైపోథాలమస్ పసిగడుతుంది. అక్కడ తయారై, పీయూష గ్రంథి వెనుక భాగంలో నిల్వ ఉండే వాసోప్రెసిన్ హార్మోన్ రక్తంలోకి విడుదలవుతుంది. తొమ్మిది అమైనో ఆమ్లాల ఈ హార్మోన్ కణం లోపలికి రాదు. వీ2 గ్రాహకం బయటి వైపున్న గుంటలో ఇమిడిపోతుంది, అంతే. దాంతో గ్రాహకం ఆకారం మారుతుంది. పొరను దాటే దాని ఏడు పాయల్లో ఆరోది, కణం లోపలి కొసన, పక్కకు జరిగి చోటిస్తుంది. ఆ చోటులో జీఎస్ ఆల్ఫా కొస దూరుతుంది. వెంటనే ఆల్ఫా పట్టు సడలి జీడీపీ జారిపోతుంది. కణంలో జీటీపీ అనే మరో చిన్న అణువు ఎక్కువగా దొరుకుతుంది కాబట్టి ఖాళీ అయిన చోటులోకి అదే వచ్చి చేరుతుంది. జీటీపీ చేరిన ఆల్ఫా గ్రాహకాన్నీ, బీటా గామా జంటనూ వదిలి విడిపోతుంది. ఆ గ్రాహకం హార్మోన్‌ను పట్టుకుని ఉన్నంతసేపూ మరికొన్ని జీఎస్‌లను ఇలాగే మేల్కొలుపుతుంది. కబురు పెద్దదయ్యే మొదటి మెట్టు ఇదే.

విడిపోయిన ఆల్ఫా పొరలోనే ఉన్న అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైమును తాకుతుంది. ఆ ఎంజైము ఏటీపీ అనే అణువును సైక్లిక్ ఏఎంపీగా మారుస్తుంది. ఇక్కడ తెలుగువాడి పేరు ఒకటి చెప్పుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలో ఏటీపీని గుర్తించి 1929లో ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు. ఏటీపీ నుంచి పుట్టే సైక్లిక్ ఏఎంపీయే హార్మోన్ల రెండో దూత అని 1950లలో చూపిన ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది.

నాలుగు సైక్లిక్ ఏఎంపీ అణువులు అంటుకుంటే ప్రోటీన్ కైనేజ్ ఏ అనే ఎంజైము చురుకవుతుంది. అది ఆక్వాపోరిన్-2 అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేటు తగిలిస్తుంది. అంతవరకు కణం లోపల చిన్న తిత్తుల్లో ఉన్న ఆక్వాపోరిన్, మూత్రం పారే వైపు పొరలోకి వచ్చి చేరుతుంది. నీటి అణువులు ఒక్కొక్కటిగా దాని గుండా కణంలోకి, అక్కడి నుంచి అవతలి పక్కనున్న ఇతర ఆక్వాపోరిన్ల గుండా రక్తంలోకి వెళతాయి. మూత్రం తగ్గి, చిక్కబడి, ముదురు పసుపు రంగుకు తిరుగుతుంది. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో చాలా భాగం సంగ్రహణ నాళానికి రాకముందే రక్తంలోకి తిరిగి చేరుతుంది. మిగిలిన దాని లెక్క తేల్చేది వాసోప్రెసినే.

మొదలైన కబురు ఆగడమూ ముఖ్యమే. ఆల్ఫా తాను పట్టుకున్న జీటీపీని తానే కొన్ని సెకన్లలో జీడీపీగా విరగ్గొడుతుంది. మళ్లీ బీటా గామాలను కలుస్తుంది. సైక్లిక్ ఏఎంపీని ఫాస్ఫోడైఎస్టరేజులు అనే ఎంజైములు తుంచేస్తాయి. గ్రాహకానికి కైనేజులు ఫాస్ఫేటు తగిలిస్తే, అరెస్టిన్ అనే ప్రోటీన్ వచ్చి అంటుకుని జీఎస్‌కు దారి మూస్తుంది. ఆ మనిషి నీళ్లో, చల్లటి లబన్ (మజ్జిగ) ప్యాకెట్టో తాగాక రక్తం పలచబడితే వాసోప్రెసిన్ తగ్గుతుంది, ఆక్వాపోరిన్లు తిత్తుల్లోకి తిరిగి వెళతాయి.

ఈ వరుసలో ఏ మెట్టు దెబ్బతిన్నా రోగమే. వీ2 గ్రాహకం జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. అది చెడితే హార్మోన్ ఉన్నా కబురు లోపలికి చేరదు; ఎక్కువగా మగపిల్లల్లో కనిపించే ఈ వ్యాధిలో లీటర్ల కొద్దీ పలచని మూత్రం పోతుంది. కలరాది దీనికి తిరగబడ్డ కథ. ఆ క్రిమి విషం పేగు కణాల్లోని జీఎస్ ఆల్ఫాను జీటీపీతోనే బిగించేస్తుంది. ఆగని సైక్లిక్ ఏఎంపీ వల్ల ఉప్పూ నీరూ పేగులోకి ధారగా పోతాయి. ప్రోటీన్ ఒకటే, రెండో దూతా ఒకటే. కణంలోని సరంజామాను బట్టి ఫలితం మారుతుంది. గుండెలో అడ్రినలిన్ కబురుకు వేగం పెంచేదీ, కాలేయంలో గ్లూకగాన్ కబురుకు చక్కెర విడుదల చేయించేదీ ఈ జీఎసే.

మనుషులకు దీని ఉనికి తెలిసింది ఆలస్యంగానే. హార్మోన్ కబురుకు జీటీపీ తప్పనిసరి అని మార్టిన్ రాడ్‌బెల్ చూపారు. ఆల్‌ఫ్రెడ్ గిల్మన్ బృందం 1980లో జీఎస్‌ను శుద్ధంగా వేరుచేసింది. ఇద్దరికీ 1994లో నోబెల్ దక్కింది. ఇలాంటి మరో గ్రాహకం, జీఎస్ పెనవేసుకుని ఉన్న స్ఫటిక చిత్రాన్ని బ్రయన్ కోబిల్కా బృందం 2011లో వెలువరించింది. మరుసటి ఏడాది ఆయనకూ, రాబర్ట్ లెఫ్కోవిట్జ్‌కూ రసాయన శాస్త్రంలో నోబెల్ లభించింది.

ఈ ప్రోటీన్ నీటిని పొదుపు చేయగలదు, పుట్టించలేదు. ఎండలో పనిచేసేవారు దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతూ ఉండాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తోందంటే ఒంట్లో నీరు తగ్గిందని గ్రహించాలి.