ఆకుకూరే గెలిచింది!

బ్రిటన్‌లో ఓటర్లు నాలుగున్నర కోట్ల పైమాటే. 2022 సెప్టెంబరులో ప్రధానిని ఎంచే భాగ్యం మాత్రం కన్జర్వేటివ్ పార్టీకి చందా కట్టిన లక్షా 72 వేల మందిదే! వారిలో 81,326 మంది సై అనగానే లిజ్ ట్రస్ గద్దెనెక్కారు. మిగతా జనం టీవీల్లో చూసి తెలుసుకున్నారు. ఆమె సర్కారు మినీ బడ్జెట్ దెబ్బకు ఇంటి రుణాల వడ్డీలు ఎగబాకితే కట్టే భాగ్యం మాత్రం అందరికీ పంచారు.

ఒళ్లు మండిన ఓ పత్రిక లెట్యూస్ ఆకుకూరకు విగ్గు పెట్టి, కళ్లు అతికించి కెమెరా ముందు కూర్చోబెట్టింది. ట్రస్ ముందు గద్దె దిగుతుందా, ఇది ముందు వాడుతుందా? ఆకుకూరే గెలిచింది. ట్రస్‌కు యాభై రోజుల పోస్టరు కూడా పడలేదు.

పోనీ, రెండోసారైనా జనాన్ని అడిగారా? అబ్బే! ఈసారి చందాదారులకూ ఆ పని తప్పించారు. పోటీకి దిగిన పెనీ మోర్డాంట్ ఆఖరి నిమిషాల్లో తప్పుకోగానే, ఏడు వారాల కిందట ట్రస్ చేతిలో ఓడిన రిషి సునాక్ దీపావళి నాడు ఏకగ్రీవం! మన చానళ్లు ‘మనోడే’ అంటూ మోత మోగించాయి. ‘ఎన్నికలు పెట్టండి మహాప్రభో’ అన్న అక్కడివాళ్ల గోల ఆ మోతలో ఎవరికి వినబడుతుంది?

2024 జులైలో తీరిగ్గా అడిగారు. జనం కన్జర్వేటివ్‌ల చేతిలో 121 సీట్లు పెట్టి సాగనంపారు.