తీసేసే ముందు అడిగేవాళ్లం

మా రోజుల్లో కంప్యూటర్ కార్డుకు డ్రైవర్ రాసేవాడి బల్ల మీద ఆ కార్డు ఉండేది. దీన్నొక విశేషంగా చెప్పుకోవాల్సిన రోజు వస్తుందని నేననుకోలేదు. పెట్టె మూత విప్పి, స్లాటులో కార్డు గుచ్చి, సీరియల్ కేబుల్ తగిలించి, స్కోపు ప్రోబు చిప్ కాలికి ఆనించాకే కోడు మీద చెయ్యి వేసేవాళ్లం. ఇప్పుడు కార్డు మొహం చూడని కుర్రాడు దాని డ్రైవర్‌కి ‘క్లీనప్’ అంటూ ప్యాచ్ పంపుతున్నాడు. కింద ఒక ముక్క కూడా రాస్తాడు, కంపైల్ చేసి మాత్రమే చూశానని. దాచకుండా రాసినందుకు అతన్ని మెచ్చుకోవచ్చు. అది చదివి కూడా ప్యాచ్ కలిపేసుకున్న పెద్దల మీదే నా కోపమంతా.

ఈమధ్య ఒక ఫ్యాక్టరీలో కొలతలు తీసే పాత పీసీఐ కార్డు, లినక్స్ కెర్నల్ మార్చగానే మొరాయించింది. ఒక మదర్‌బోర్డు మీద నిక్షేపంగా నడుస్తుంది. ఇంకో దాని మీద బూట్ చేస్తే ఒక్కోసారి లేస్తుంది, ఒక్కోసారి లేవదు. అక్కడున్న పిల్లలు వెంటనే తీర్పు చెప్పేశారు: “కార్డు పాతదైపోయింది సార్, మార్చేద్దాం.” పాత కెర్నల్ వేసి చూపించాను. ఎన్నిసార్లు బూట్ చేసినా లేచింది. కార్డు పాతదైతే పాత కెర్నల్ మీద ఎలా లేస్తుందయ్యా?

ఒక విషయంలో ఇప్పటివాళ్లది అదృష్టమే. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ మొదలుపెట్టాక, బైసెక్ట్ అనే గొప్ప సాధనం వీళ్ల చేతికొచ్చింది. ఒక్కో కెర్నల్ విడుదలలో 10,000కు పైగా మార్పులుంటాయి. సగం సగం తగ్గించుకుంటూ పోతే 14 మెట్లలో చెడగొట్టిన మార్పు దగ్గరికి చేరుకోవచ్చు. మాకది లేదు. రెండు వెర్షన్ల సోర్సు పక్కపక్కన పెట్టుకుని డిఫ్ కాగితాలు ప్రింటు తీసి చదివేవాళ్లం. ఇంత సాధనం చేతిలో ఉండి కూడా కార్డు మార్చేద్దాం అంటుంటే ఒళ్లు మండదా? అయితే అప్పుడప్పుడు వచ్చే లోపానికి బైసెక్ట్ చేయడానికి ఓపిక కావాలి. ఒక్కసారి లేచిందని ‘గుడ్’ కొట్టేస్తే దారి తప్పుతాం. ప్రతి మెట్టు దగ్గరా కరెంటు తీసి, మళ్లీ ఇచ్చి, పదేపదే చూడాలి.

చివరికి దొరికింది ఒక చిన్న క్లీనప్. అక్కరలేని వేరియబుల్ తీసివేత.

ఆ డ్రైవర్ కార్డును రీసెట్ చేసే తీరు చూడండి. రీసెట్ రిజిస్టర్‌లో ఒకటి రాయాలి, 10 మైక్రోసెకన్లు ఆగాలి, సున్నా రాయాలి. మొదట రాసినాయన మధ్యలో ఇంకో పని చేశాడు. ఒకటి రాసిన వెంటనే స్టేటస్ రిజిస్టర్‌ను చదివి, ఆ విలువను ఒక వేరియబుల్‌లో వేశాడు. తర్వాత దాన్ని ఎక్కడా వాడలేదు. పైపైన చూస్తే దండగ పని. కానీ పీసీఐలో ప్రాసెసర్ రాసింది ఆ క్షణానే కార్డుకు చేరాలని లేదు. దారిలో బ్రిడ్జి దాన్ని తన బఫర్‌లో పెట్టుకుని, వీలు చూసుకుని పంపుతుంది. ప్రాసెసర్ ఈలోగా తన దారిన తను పోతుంది. చదవడం అలా కాదు. జవాబు వచ్చేదాకా ఆగాల్సిందే, ముందు రాసినవి కార్డుకు చేరాకే ఆ జవాబు వస్తుంది. ఆ చదివే లైను తీసేస్తే, ఒకటి బ్రిడ్జిలోనే ఉండగా ఆగాల్సిన సమయం కాస్తా గడిచిపోయి, ఒకటీ సున్నా వెంటవెంటనే కార్డు మీద పడొచ్చు. రీసెట్ కాలికి స్కోపు పెట్టి చూస్తే 10 మైక్రోసెకన్లు నిలవాల్సిన పల్సు కంటికి ఆనడమే కష్టమైంది. చిప్‌కు అదేం సరిపోతుంది?

2011లో వచ్చిన జీసీసీ 4.6 నుంచి కంపైలర్ ఒక కొత్త వార్నింగ్ ఇస్తోంది: వేరియబుల్‌లో విలువ వేశారు, వాడలేదు అని. మంచి వార్నింగే. దాని మాట విని వేరియబుల్ తీసేసి, చదివే లైను ఉంచితే సరిపోయేది. ఆ క్లీనప్ చేసినవాడు రెండూ పీకేశాడు.

అర్థంలేనట్టు కనిపించే లైన్లతో అప్పటి పెద్దలు ఎలా మసలుకున్నారో చెబుతాను. పీసీల్లో 80 హెక్స్ నంబరు పోర్టుకు ఊరికే ఒక బైటు రాసే అలవాటు కెర్నల్‌లో ఎప్పటినుంచో ఉంది. పాత ఐఎస్‌ఏ పరికరాలకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరకాలని, సుమారు ఒక మైక్రోసెకను ఆలస్యం కోసం. 2007 చివర్లో కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆ రాతకే బిగుసుకుపోతున్నాయని తేలింది. ఈ కాలంలో ఐఎస్‌ఏ ఎవడిక్కావాలి, తీసిపారేద్దాం అనొచ్చు. అలా చేయలేదు. 2.6.25 కెర్నల్‌లో ఐఓ డిలే అనే బూట్ ఐచ్ఛికం పెట్టారు. పాత పద్ధతినే డిఫాల్టుగా ఉంచి, ఇబ్బంది పడ్డ మోడళ్లను గుర్తుపట్టి వాటికి మాత్రం వేరే పోర్టు వాడారు. ఎవరి దగ్గర ఏ పాత కార్డు ఉందో మనకు తెలియదన్న భయం వాళ్లకుంది. ఆ భయమే ఇప్పుడు కరువైంది.

పోయిన లైనును మళ్లీ పెడుతూ నేనో ప్యాచ్ పంపాను. వేరియబుల్ లేదు, చదవడం మాత్రం ఉంది. పైన కామెంట్‌లో ఎందుకు చదువుతున్నామో, ఏ బోర్డు మీద చెడిందో, చిప్‌కు కనీసం ఎంత పల్సు కావాలో రాశాను. ఒకే ఒక్క లైనుకు ఇంత కామెంట్ దేనికి, కుదించమన్నారు. కుదించలేదు.