ఒంటె పాముగుట: ఒక కాటా చీటీకి టీకాతాత్పర్యం

అవతారిక

తెలుగు పండితుడిగా రిటైరయ్యాక తాండూరు దగ్గర కరణ్‌కోటలో ఒక నాపరాయి పాలిష్ యూనిట్‌లో లెక్కలు చూస్తున్నాను. లారీ కాటా ఎక్కగానే కంప్యూటర్లో చీటీ పుడుతుంది. అందులో ప్రతి అంకెకూ ముందు ఒక పేరుంటుంది: లారీ నంబరు, ఖాళీ బరువు, నిండు బరువు, రాయి వచ్చిన ఊరు. కాటా ప్రోగ్రాం రాసినవాడు ఈ పేర్లన్నీ ఇంగ్లీషులో, ఒంటె పద్ధతిలో పెట్టాడు. లెక్కల ప్రోగ్రాంకేమో పాము పద్ధతి కావాలి. రెంటికీ పొత్తు కుదర్చడానికి మా మేనల్లుడు దసరాకు హైదరాబాదు నుంచి వచ్చి, పైథాన్‌లో నాలుగు వరుసలు రాసిపెట్టాడు. "మామా, ఇది నడుస్తది గానీ నువ్వు ముట్టకు" అన్నాడు. ముట్టకుండా చేయగలిగిన పని వ్యాఖ్యానం ఒక్కటే. అందుకు పూనుకున్నాను.

మూలం

నడుమ మూపు గన్నచోట అడుగుగీత వచ్చు, మూపు దిగు.

ప్రతిపదార్థం

నడుమ = పేరు మొదట కాక లోపల; మూపు = పెద్దబడి అక్షరము; గన్నచోట = కనబడినచోట; అడుగుగీత = అండర్‌స్కోర్ అను నేలబారు గీత; వచ్చు = దానికి ముందు చేరును; మూపు = ఆ పెద్దబడి; దిగు = చిన్నబడి అగును.

టీక

లారీ, నంబర్ అనే రెండు మాటలను ఎడం లేకుండా అతికించి, నంబర్‌లోని ఎన్‌ను పెద్దబడిలో నిలబెడితే పేరు నడుమ మూపురం లేస్తుంది. అది కేమెల్ కేస్. అదే పేరును అంతా చిన్నబడిలో, నడుమ అడుగుగీతతో రాస్తే నేలమీద పాకుతుంది. అది స్నేక్ కేస్. జావా, జావాస్క్రిప్ట్ వాళ్లది ఒంటె సంప్రదాయం. పైథాన్ వాళ్లది పాము సంప్రదాయం. 2001లో వెలువడిన పెప్ 8 అనే వాళ్ల ధర్మశాస్త్రం అలాగే విధించింది. పైథాన్ అంటే కొండచిలువ కాబట్టి ఇందులో ఔచిత్యం ఉందని నేను మురిసిపోయాను. ఆ భాషకు పేరు పాము వల్ల రాలేదనీ, మాంటీ పైథాన్ అనే ఇంగ్లీషు హాస్యగాళ్ల బృందం వల్ల వచ్చిందనీ మేనల్లుడు చెప్పి నా శ్లేషను చంపేశాడు.

కారణం లేని ఆచారం కాదిది. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసులో పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టకపోతే పెద్దబడులన్నిటినీ అది చిన్నబడులుగా నొక్కేస్తుంది. మూపురం అణిగిపోయిన ఒంటెలో లారీ ఎక్కడ ముగిసిందో నంబర్ ఎక్కడ మొదలైందో తెలీదు. పాముకు ఆ భయం లేదు, అణగడానికి అందులో ఏముంది? మామూలు అడ్డగీత పెట్టే కబాబ్ పద్ధతి కూడా ఒకటుంది కానీ, చాలా భాషల్లో అది తీసివేత గుర్తు. లారీలోంచి నంబర్ తీసేస్తే మిగిలేదేమిటి?

తెలుగులో ఈ సూత్రానికి అవకాశమే లేదు. మనకు పెద్దబడి లేదు. పైగా మనం సమాసం చేస్తే ఊరుకోం, సంధి కూడా చేస్తాం. రామ, ఆలయం కలిసి రామాలయం అయ్యాక అతుకు ఏ యంత్రం కంటికీ ఆనదు. ఒంటె పద్ధతివాడు సమాసం చేసి సంధి మానేసినవాడు. మా అలంకారశాస్త్రంలో దాన్ని విసంధి దోషం అంటారు. అక్కడ ఆ దోషమే యంత్రానికి దీపం. తాళపత్రాల్లో మాటకూ మాటకూ ఎడం ఉండేది కాదు కనుక వ్యాఖ్యాత మొదట చేయవలసింది పదచ్ఛేదమే. మెదక్ జిల్లా కొల్చారం పేరును ఇంటిపేరుగా మోసిన కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు చేసిన సేవలో మొదటి మెట్టు అదే. ఆయన అర్థం చూసి విడగొట్టాడు. మా మేనల్లుడి నాలుగు వరుసలు మూపు చూసి విడగొడతాయి. చిక్కంతా అక్కడే.

పూర్వపక్షం

అయితే అన్నీ మూపులే ఉన్న పేరు గతేమిటి? ఉదాహరణకు ఊరు దాటనక్కర్లేదు. ఇక్కడి సిమెంటు ఫ్యాక్టరీ, 1965లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాది. మాకు సీసీఐ. మూడూ మూపులే, కింద ఒంటె లేదు. సీసీఐ తాండూర్ అని కలిపి రాసి సూత్రానికి అప్పగిస్తే సీ_సీ_ఐ_తాండూర్ అని నత్తినత్తిగా పలికింది.

అపవాద సూత్రం

గుంపుమూపులు ఒక్కటి, కడపటిది తరువాతి చిన్నబడిది.

అనగా వరుసగా నిలిచిన పెద్దబడులను ఒకే మాటగా తీసుకోవాలి. చివరి పెద్దబడిని మాత్రం వెనకున్న చిన్నబడులకు వదలాలి. అప్పుడు సీసీఐ_తాండూర్ సిద్ధించును. ఇంటిపేరును పొడి అక్షరాలుగా మోసే మన జాతికి ఈ అపవాదం ప్రాణం. మేము 2016 అక్టోబరులో వికారాబాద్ జిల్లాలోకి రాకముందు రంగారెడ్డి జిల్లా వాళ్లం. పెట్టినవాళ్లు మొదట కె.వి. రంగారెడ్డి అన్నారు. చుక్కలు తీసి అతికిస్తే కేవీ_రంగారెడ్డి అని సరిగ్గానే తెగింది. పామును మళ్లీ ఒంటె చేయబోతేనే చిక్కు బయటపడింది: కే చిన్నబడి, వీ చిన్నబడి, ఒక్క రంగారెడ్డికే మూపురం. దిగిన మూపులు ఎన్నో పాము గుర్తుపెట్టుకోదు.

అంతకన్నా ఘోరం, ఒకే చీటీలో ఒంటె లారీనంబరూ పాము లారీనంబరూ రెండూ ఉంటే మార్పిడి తర్వాత రెండూ ఒకే పేరవుతాయి. వెనకది ముందుదాన్ని మింగుతుంది. యంత్రం కేక వేయదు.

విశేషం

నెలాఖరు పట్టికలో ఊళ్ల పేర్లే గడుల తలకట్లు. మల్కాపూర్‌తో తగువు లేదు, ఓగిపూర్‌తో లేదు. మా ఊరితోనే. పగటి గుమాస్తా కోట మొదటి కె పెద్దబడిలో కొడతాడు, రాత్రి గుమాస్తా చిన్నబడిలో. మార్పిడి అయ్యేసరికి కరణ్_కోట ఒక ఊరు, కరణ్‌కోట ఇంకొక ఊరు అయ్యాయి. సగం బండలు అటు, సగం ఇటు. యజమాని పట్టిక చూసి "పంతులూ, మనకు రెండో ఊర్ల గుత్త ఎప్పుడు దొరికింది?" అన్నాడు. ఆ పేరుకు సరైన పదచ్ఛేదం ఏది, కరణం కోటా, కర్ణుడి కోటా అనే చర్చ ఇక్కడ పెట్టను. మూలంలో లేనిదీ అక్కర్లేనిదీ రాయనని మల్లినాథుడు ఒట్టు పెట్టుకున్నాడు.

మేనల్లుడికి ఫోను చేస్తే "సూత్రం కరెక్టే మామా, మీ గుమాస్తాలే తప్పు" అన్నాడు. మా వైయాకరణులూ సరిగ్గా ఇలాగే అంటారు. సంక్రాంతికి వచ్చి పేర్ల జాబితా ఒకటి చేర్చి ఇస్తానన్నాడు.

తాత్పర్యం

అప్పటిదాకా మా కాటా మీద చీటీ కొట్టే ఎవరైనా సరే, కోట మొదటి కె చిన్నబడిలోనే కొట్టగలరని మనవి.