ఆపి చూద్దాం, ఎవరు అరుస్తారో!

కొత్త ఆడిట్ విధానం ఖాయమైపోయింది. పేరు స్క్రీమ్ టెస్ట్. ఏ సర్వరు ఎవరిదో తెలియకపోతే దాన్ని ఆపేయడం, ఎవరు అరుస్తారో వినడం. రెండు వారాలు ఎవరూ అరవకపోతే చెరిపేయడం. మీటింగులో చప్పట్లు కూడా పడ్డాయి. మైక్రోసాఫ్ట్ వాళ్లే చేస్తారు, బాహాటంగా రాసుకున్నారు కూడా అని ఒకాయన ధైర్యం చెప్పాడు. వాళ్లు ఇంకా చాలా చేస్తారు లెండి, జీతాలతో సహా.

ఇన్నేళ్లూ లేని ఈ శ్రద్ధ ఇప్పుడెందుకో అందరికీ తెలిసిందే. 2023 చివర్లో మన మెషీన్లను నడిపే వీఎంవేర్ బ్రాడ్‌కామ్ చేతికి పోయింది, శాశ్వత లైసెన్సులు పోయాయి, కోర్ల లెక్కన చందా వచ్చింది. ఆ బిల్లు చూశాక గానీ వర్చువల్ మెషీన్లను లెక్కపెట్టాలని ఎవరికీ బుద్ధి పుట్టలేదు.

ఆ జాబితా చూసి తీరాలి. ‘టెస్ట్2’, ‘టెస్ట్2_కొత్తది’, ‘టెస్ట్2_కొత్తది_తీయొద్దు’. ఎందుకు తీయొద్దో రాసినవాడికే తెలియాలి. కొన్నిట్లో విండోస్ సర్వర్ 2003 ఇంకా నడుస్తోంది. మైక్రోసాఫ్ట్ దానికి 2015 జూలైలోనే నీళ్లొదిలేసింది. స్నాప్‌షాట్లు మూడు రోజులకు మించి ఉంచొద్దని వీఎంవేర్ మొత్తుకుంటుంది, ఇక్కడ వాటికి పుట్టినరోజులు చేయొచ్చు. వీటి గుట్టు తెలిసినాయన నోటీస్ పీరియడ్ చివరి రోజున కేటీ (పని అప్పగింత) ఇచ్చి, కేకు తిని వెళ్లిపోయాడు. కేటీ రికార్డింగు భద్రంగా ఉంది. ఆయన మ్యూట్‌లో ఉన్నాడు.

మళ్లీ స్క్రీమ్ టెస్టు దగ్గరికి వస్తాను, దాన్ని వదల్లేను. ఆపిన మెషీన్ ఆన్ చేయగానే మామూలుగా నడుస్తుందన్న నమ్మకం మీద ఈ ఘనకార్యమంతా నిలబడింది. ఏళ్ల తరబడి రీబూట్ కానిది మళ్లీ లేస్తుందని ఎవరు హామీ ఇచ్చారు? అది లేచినా లోపలి అప్లికేషన్ లేస్తుందా? ఇలాంటి పాతవి చాలావరకు సర్వీసులుగా పెట్టినవి కావు. ఎవరో రిమోట్ డెస్క్‌టాప్‌లోకి లాగిన్ అయ్యారు, కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాచ్ ఫైలు నడిపారు, లాగాఫ్ కాకుండా డిస్‌కనెక్ట్ కొట్టి ఇంటికెళ్లిపోయారు. తర్వాత ఉద్యోగమూ మారారు. ఆ బ్యాచ్ ఫైలు మాత్రం నడుస్తూనే ఉంది. ఇప్పుడు ఆపి ఆన్ చేస్తే విండోస్ ముచ్చటగా లేస్తుంది, ఆ పని జరగదు. ఏ ఫోల్డర్లో ఏ ఫైలు నొక్కాలో తెలిసినవాడు బెంగళూరులో ఉన్నాడు, మన ఫోను ఎత్తడు. నేనైనా ఎత్తను.

పోనీ మెషీన్ ఆపకుండా నెట్‌వర్క్ మాత్రం తీసి చూడండయ్యా, ఎవరైనా అరిస్తే ఒక్క క్లిక్కుతో కలపొచ్చు అంటే, అలాగైతే మెమరీ మిగలదట!

ఇక ఆ రెండు వారాలు. ఏ పంచాంగం చూసి పెట్టారో! ఫారం 16 ఏడాదికోసారి, జూన్ 15 లోపు ఇవ్వాలి. పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్లు నవంబరులో. ఖాతాల ముగింపు మార్చి 31న. ఆగస్టులో ఆపితే వీటికోసం అరిచేవాడెవడు? సెప్టెంబరులో చెరిపేస్తారు. నవంబరులో ఓ పెద్దాయన కౌంటరు దగ్గరికొచ్చి ‘బాబూ, నా పెన్షను’ అంటాడు. అదీ అరుపే, కానీ టికెట్ సిస్టంలోకి ఎక్కదు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. వైస్ ప్రెసిడెంటు గారి డ్యాష్‌బోర్డు ఆగితే ఐదు నిమిషాల్లో అందరూ కాల్‌లో ఉంటారు. గేటు దగ్గర కాంట్రాక్టు కార్మికుల హాజరు ఎక్కించే సర్వరు ఆగితే వాళ్లు ఎవరికి చెప్పుకోవాలి? వాళ్లకు కంపెనీ ఈమెయిలే లేదు. నెలాఖరున కూలి తెగ్గోసి ఇచ్చినప్పుడు తెలుస్తుంది. మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు. వీళ్లు దాన్ని పూర్తి అంగీకారం చేసి డిస్కులోంచి తుడిచేస్తున్నారు. తెలిసిన మనుషుల్ని ఖర్చు తగ్గింపు పేరుతో సాగనంపి, వాళ్లను అడగాల్సింది ఎవరి మౌనాన్నో అడుగుతున్నారు. ఇది ఆడిట్ కాదు, బద్ధకం.

లెక్క అక్కర్లేదని నేననను. 2017లో అపాచీ స్ట్రట్స్ లోపం బయటపడ్డప్పుడు అది తమ దగ్గర ఎక్కడెక్కడ ఉందో క్రెడిట్ రిపోర్టుల కంపెనీ ఈక్విఫ్యాక్స్‌కే సరిగా తెలియదు, సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. 2012 ఆగస్టు 1న షేర్ల ట్రేడింగ్ కంపెనీ నైట్ క్యాపిటల్ 8 సర్వర్లలో ఒకదాంట్లో మిగిలిపోయిన పాత కోడ్ నిద్రలేచి, 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లు మింగింది. అందుకే ఓపిగ్గా వెతకమంటున్నాను. ఎవరు కనెక్టవుతున్నారో నెట్‌స్టాట్ చెబుతుంది. క్రాన్, టాస్క్ షెడ్యూలర్ ఏ నెలలో ఏం జరగాలో చెబుతాయి. ఫైర్‌వాల్ రూల్సులో ఒక్కోసారి అడిగినవాడి పేరే ఉంటుంది. అకౌంట్స్‌లో రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మేడమ్‌గారిని కూర్చోబెట్టి అడిగితే వీటన్నిటికంటే ఎక్కువే చెబుతారు. ఏడాది పట్టొచ్చు. దానికి బడ్జెట్ లేదట, ఏఐ డిస్కవరీ టూలుకు మాత్రం ఉందట.

తాజా కబురు: ఓనరు గడి ఖాళీగా ఉంటే ఆడిట్ పోర్టల్ ఒప్పుకోవడం లేదు. అందుకని కొత్తగా చేరిన ట్రైనీ కుర్రాడి పేరు వరసగా నింపేశారు. పేరోల్ డేటాబేసుతో సహా అన్నిటికీ ఇప్పుడు అతనే ఓనరు. అతనికింకా లాగిన్ రాలేదు.