ఇరవై ఆరో కిలో

మా ఇంట్లో బిల్లు చదివేది నేనొక్కణ్నే. మిగతావాళ్లు అడుగున ఉన్న మొత్తం చూసి సంచి అందుకుంటారు. నేను కళ్లజోడు సర్దుకుని సీజీఎస్టీ ఎంత, ఎస్‌జీఎస్టీ ఎంత అని పైకి చదవాల్సిందే. రామదాసు చౌరస్తా వైపు వెళ్లి టిఫిన్ చేసినా అదే వరస. "ఐదు శాతంలో రెండున్నర ఢిల్లీకి, రెండున్నర హైదరాబాద్‌కి" అంటే, "మరి చట్నీ ఎవరికి?" అంటూ మా ఆవిడ నా ముందున్న గిన్నె లాక్కుంటుంది. జీఎస్టీ కాంపోజిషన్ స్కీమ్ కింద నడిచే హోటల్ అయితే గిరాకీ దగ్గర పన్ను వసూలు చేయకూడదు. అలాంటిచోట నాకు ఇడ్లీ రుచించదు.

డల్లాస్‌లో ఉన్న మావాడికీ ఫోన్లో ఇదే పాఠం. అక్కడ ట్యాగు మీది ధరకు కౌంటర్ దగ్గర 8.25 శాతం పన్ను కలుస్తుంది. టెక్సాస్ రాష్ట్రానికి 6.25, డల్లాస్ నగరానికి 1, బస్సులూ రైళ్లూ నడిపే సంస్థకు ఇంకో 1. మన ఎమ్మార్పీలో పన్ను ముందే కలిసి ఉంటుంది, పైన వేయకూడదు. జీఎస్టీలో ఊరికంటూ వాటా మాత్రం లేదు. మెదక్ మున్సిపాలిటీ నా గుమ్మం తొక్కితే ఇంటి పన్నుకే తొక్కాలి. ఇంతదాకా చెప్పేసరికి మావాడికి మీటింగ్ వచ్చింది. అక్కడ రాత్రి పదకొండు.

ఇంత జ్ఞానాన్ని ఊరికే పోనిస్తానా? 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ ఉంది. అదీ 25 కిలోల దాకానే. మిల్లులవాళ్లు ఆ రూలును నాకన్నా శ్రద్ధగా చదివి 26 కిలోల బస్తాలు దింపారు. పద్నాలుగు వందల బస్తా మీద డెబ్బై రూపాయల మిగులు!

"ఆటోల పంపిస్త సార్, నలభై ఇయ్యుండ్రి" అన్నాడు సేటు. డెబ్బైలో నలభై పోతే ముప్పై. ఆ అన్యాయం నా వల్ల కాలేదు. హెచ్‌ఎంటీ బస్తాను స్కూటర్ మీద ముందు నిలబెట్టి ఇల్లు చేర్చాను. రెండు చెవులూ పట్టి భుజానికెత్తుకుని మెట్లెక్కాను. సగం మెట్ల మీద నడుం పట్టేసింది. ఇరవై ఐదు కిలోల వరకూ ఏ ఇబ్బందీ లేదు, ఆ పై కిలోతోనే వచ్చిందని ఇప్పటికీ నా వాదన.

డాక్టరు దగ్గర బల్ల మీద బోర్లా పడుకుని కూడా, వైద్యసేవకు జీఎస్టీ లేదని మా ఆవిడకు గుర్తుచేశాను. మందుల మీద ఉంది కానీ, 2025 సెప్టెంబర్ 22న 12 నుంచి 5 శాతానికి దిగింది. నొప్పి తగ్గే విషయమే కదా అన్నాను. ఆమె నవ్వలేదు.

ఈసారి బియ్యం తనే తెచ్చింది. పది కిలోల సంచి. బిల్లు తెచ్చి నా దిండు పక్కన పెట్టింది.

"రెండున్నర, రెండున్నర. పండుకొని సదువుకోండ్రి."