అట్టపెట్టెల వారి ఆహ్వానపత్రిక: టీకా తాత్పర్య సహితం

మూలం: "సాయంత్రం 5 గంటలకు రిజిస్ట్రేషన్, హై టీ. 6కు జ్యోతి ప్రజ్వలనం, నిపుణుల ప్రసంగాలు, జ్ఞాపికల ప్రదానం. 8.30కు నెట్‌వర్కింగ్, డిన్నర్. సభ్యులు తప్పక విచ్చేయ ప్రార్థన."

టీక: సాయంత్రం 5 గంటలకు = ఆరున్నరకు; రిజిస్ట్రేషన్ = మెడకు పట్టీ, చేతికి సంచీ తగిలించుకొనుట; హై టీ = చల్లారిన సమోసాతో కూడిన మామూలు టీ; జ్యోతి ప్రజ్వలనం = ఏసీ గాలికి కొండెక్కిన దీపమును అరచేయి అడ్డుపెట్టి మరల వెలిగించుట; నిపుణుల = జన్మలో ఒక పెట్టె అమ్మి బాకీకై తిరుగని వారి యొక్క; ప్రసంగాలు = స్లైడులు; నెట్‌వర్కింగ్ = తన రేటు చెప్పక ఎదుటివాని రేటు రాబట్టుట; డిన్నర్ = డిన్నరే; తప్పక = నిరుటి ఖాళీ కుర్చీలను తలచుకొని చేర్చిన పదము.

తాత్పర్యం: ఓ అట్టపెట్టెల తయారీదారులారా! ఏడాది పొడుగునా ఒకరి ఆర్డరు ఒకరు తన్నుకుపోయినది చాలు. ఒక్క పూట ఒకచోట కూడి, రేటు ముందుగా పడగొట్టినవాడెవడో పరస్పరం అనుమానించుకొనుడు, అని భావం.

విశేషాలు: పోటీదార్లకు నెట్‌వర్కింగ్ ఎట్లా పొసగునని జీడిమెట్ల శాఖవారి పూర్వపక్షం. సమాధానం చర్లపల్లి శాఖవారు చెప్పారు: ఉమ్మడి శత్రువు ఉంటే పొసగుతుంది; ఇక్కడ పన్నూ ఉంది, పెట్టెలు కొనేవాడూ ఉన్నాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి అట్టపెట్టె మీద జీఎస్టీ 5 శాతం, అది తయారయ్యే క్రాఫ్ట్ కాగితం మీద 18 శాతం. కొనేచోట పద్దెనిమిది కట్టి, అమ్మేచోట అయిదు వసూలు చేసుకోవాలి. తేడా రీఫండుగా రావాలి; వచ్చేదాకా పెట్టుబడి అక్కడే ఇరుక్కుంటుంది. పన్ను తగ్గిందిగా, ఇంకేం ఏడుపని కొనేవాడు ఆశ్చర్యపోతాడు. ఆ కొనేవాడికో ప్రత్యేక వ్యాకరణం ఉంది. చిన్న పరిశ్రమల బాకీ 45 రోజులు దాటకుండా తీర్చాలని 2006 నాటి చట్టం అంటే, ఆ అంకెను రెట్టింపు చేసి చదవడం ఆయన సంప్రదాయం. బిర్యానీ ప్లేటు పట్టుకుని సభ్యులు చెవిలో చెప్పుకునే పేర్లన్నీ ఈ సంప్రదాయం వారివే. ఏ ప్రసంగంలోనూ రాని విద్య ఇది. సభకు నిజమైన ఫలం ఇదేనని నా మతం.

ప్రసంగాల సారం ఒకటే: కాగితం బరువు తగ్గించండి, పెట్టె బలం పెంచండి. తిరుగులేని మాటే. కాగితం కిలో లెక్కన కొనేవాళ్లకు కొత్త మాట మాత్రం కాదు.

జ్ఞాపికల విషయంలో కొంత చర్చ జరిగింది. జ్ఞాపిక అందుకున్న సభ్యుడొకాయన దాన్ని కుర్చీ కింద పెట్టి, అది వచ్చిన పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాడు. బొటనవేలి గోటితో అంచు విప్పి పొరలు లెక్కపెట్టాడు. "ఫైవ్ ప్లై అన్నరు, మూడే ఉన్నయ్" అని పక్కాయనకు చూపించాడు. పక్కాయన మూలన నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుని, "గమ్ము కూడా ఆరలేదన్నా" అన్నాడు. పెట్టె అధ్యక్షులవారి ఫ్యాక్టరీదని వెనకనుంచి ఎవరో అనగానే, అది సెవెన్ ప్లైయే అని ఇద్దరూ ఏకగ్రీవంగా తీర్మానించారు.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో "సకుటుంబంగా విచ్చేయ ప్రార్థన" అని ఉంది. అది లేఖక దోషం. క్యాటరింగువాడి ప్లేటు రేటు తెలిసిన కోశాధికారి ఆ పాఠాన్ని ఎన్నడూ అంగీకరించడు.