పేట బాబాయి

బెంగళూరులో నాలుగు తెలుగు కుటుంబాలు ఉన్న ప్రతి చోటా ఒక పేట బాబాయి ఉంటాడు. బ్యాంకులోనో కేంద్ర ప్రభుత్వ కర్మాగారంలోనో చేసి రిటైరై ఉంటాడు. నెత్తిన టోపీ, భుజాన సంచి, సంచిలో గొడుగు, మంచినీళ్లు, బీపీ మాత్రలు. ఊరి నుంచి చుట్టాలు దిగితే చాలు, వాళ్లు కాఫీ గ్లాసు కింద పెట్టకముందే అడిగేస్తాడు: "నడవడానికి బూట్లు తెచ్చుకున్నారా?"

పుట్టుకతో ఈయన ఇలాంటివాడు కాదు. ముప్ఫై ఏళ్లు ఈ ఊళ్లో కాపురం చేసి, పెళ్లి చీరలకు తప్ప చిక్‌పేట ముఖం చూసి ఎరగడు. కొడుకు డబ్బు కట్టి యూరప్ ప్యాకేజీ టూరుకు పంపడంతో అనర్థం మొదలైంది. అందులో ఫ్లారెన్సుకు దక్కింది ఒక పూట. జెండా ఎత్తిన గైడు వెనకాల పరుగెత్తి, మైకెలాంజెలో డేవిడ్ పక్కన ఫొటో దిగాడు. అది 1910లో చౌకులో నిలబెట్టిన నకలనీ, అసలుది అకాడెమియా మ్యూజియంలో ఉందనీ బస్సెక్కాక తెలిసింది. చర్చి గోపురానికి 463 మెట్లని విని, కిందినుంచే "బ్రహ్మాండం" అనేశాడు. గైడు చెప్పినవాటిలో ఒక్క ముక్క మాత్రం చెవిలో ఉండిపోయింది: కోసిమో మెదిచీ ఆ ఊరికి ప్రభువైంది 1537లో. తిరుగు విమానంలో ఉలిక్కిపడి పిన్నిని తట్టి లేపాడు.

"ఏమోయ్, మన కెంపేగౌడ బెంగళూరు కోట కట్టిందీ అదే ఏడు!"

"అయితే ఇద్దరూ ఒకే పంతులు చేత ముహూర్తం పెట్టించుకున్నారేమో. పడుకోండి."

ఆ రోజు నుంచి చుట్టాలకు నిద్ర కరువైంది. తెల్లారగానే మెట్రోలో మార్కెట్ స్టేషనుకు చేర్చి, కోట ఢిల్లీ గేటు ముందు వరసగా నిలబెడతాడు. కెంపేగౌడది మట్టికోట, 1761లో హైదర్ అలీ రాతితో కట్టించాడు, 1791లో కార్న్‌వాలిస్ గోడ పగలగొట్టి చొరబడ్డాడు. ఎలా చొరబడ్డాడో చూపించడానికి తానే పది అడుగులు వెనక్కి వెళ్లి, గొడుగెత్తి దూకుతాడు. పూల మూటలు మోసే కూలీలు దారి వదలమని కేకలేస్తారు. అక్కడి నుంచి టిప్పు వేసవి మహలు. "ఏసీ లేకుండా ఎంత చల్లగా ఉందో చూడండి" అంటూ టేకు స్తంభాన్ని తడుముతాడు. కాసేపు నిలబడి ఊపిరి తీసుకునే చోటు దొరికింది కనక అందరూ వెంటనే ఒప్పుకుంటారు.

దారిలో కాలేజీ పిల్లల్ని నడిపిస్తున్న అసలు గైడు తగిలాడా, ఆ పూట అతని గ్రహచారం బాగాలేనట్టే. విజయనగర సామంతుడు కనక కెంపేగౌడ మనవాడేనని బాబాయి మొదలుపెట్టి, ఆయన తెలుగులో 'గంగాగౌరీ విలాసం' యక్షగానం రాశాడని బ్రహ్మాస్త్రం వేస్తాడు. గైడు నవ్వి "హౌదు సార్, హాగే హేళ్తారె" అంటే, రాజ్యం గెలిచినట్టు చుట్టాల వైపు తిరుగుతాడు.

కస్తూర్బా రోడ్డు మ్యూజియంలో ఒకసారి ఆయన గొంతు జీరపోయింది. ఎదురుగా క్రీ.శ. 949 నాటి ఆతకూరు శిల. అడవిపందితో పోరాడి చచ్చిపోయిన కాళి అనే వేటకుక్క జ్ఞాపకంగా నిలిపింది. "కుక్కకు రాయి నాటి, పూజకు భూమి కూడా ఇచ్చారు. అన్నేళ్లు చాకిరీ చేస్తే మాకిచ్చింది ఒక గోడగడియారం. అదీ ఆగిపోయింది."

అసలు యుద్ధం అవెన్యూ రోడ్డూ చిక్‌పేటా కలిసే కూడలిలో జరుగుతుంది. కెంపేగౌడ తెల్ల ఎద్దులతో నాలుగు దిక్కులా దున్నించి వీధులు వేయించింది ఇక్కడి నుంచేనని కథ. బాబాయి నడిరోడ్డు మీద చేతులు చాచి ఎద్దులు వెళ్లిన దిక్కులు చూపిస్తుంటే, ఆటోలు ఆయనకు ప్రదక్షిణ చేస్తుంటాయి. వెనక్కి తిరిగితే చుట్టాలు ఉండరు. పిన్ని వాళ్లను చీరల కొట్లో తెల్లటి పరుపు మీద కూర్చోబెట్టేసి ఉంటుంది.

"ఇంకా శాసనాలు చూడాల్సినవి ఉన్నాయే!"

"శాసనం ఎక్కడికీ పోదండీ. డిస్కౌంటు ఈ పూటతో సరి."

పిన్నికి కోసిమో ఎవరో అక్కర్లేదు. వీణ తీగ తెగితే బళేపేట, పెళ్లి కార్డులకు సుల్తాన్‌పేట, పప్పులకు తరగుపేట, పాత పుస్తకాలకు అవెన్యూ రోడ్డు. ఈ సందులన్నీ కళ్లు మూసుకుని తిరిగేస్తుంది. కన్నడంలో పలకరించి, తెలుగులో బేరమాడి, తమిళంలో కోప్పడుతుంది. 1560లో కోసిమో కచేరీల కోసం మొదలుపెట్టించిన ఉఫీజీ ఇవాళ మ్యూజియం, టికెట్టు కొని చూడాలి. కెంపేగౌడ పేట వేసింది వ్యాపారానికి. ఆ వ్యాపారం ఇవాళ్టికీ సాగుతోంది, సంచీ పట్టుకుని వెళ్తే చాలు.

ఇది బాబాయికీ తెలుసు కాబోలు. ఈ మధ్య ఆయన నడకలో కొత్త మజిలీ ఒకటి చేరింది: అదే చీరల కొట్టు. కౌంటరు పక్కన నిలబడి విజయనగరం నాటి పట్టు వర్తకం మీద ఉపన్యాసం ఇస్తాడు. కొట్టు యజమాని అడ్డు చెప్పడు సరికదా, కుర్చీ వేయిస్తున్నాడు. బాబాయి మొదలుపెట్టిన పావుగంటకే ఆడవాళ్లు బేరం మానేసి బిల్లు కట్టేస్తున్నారట.